కాచిగూడ రైలుపెట్టె హోటల్: మోడల్ కొలతల కోసం వెళ్లొచ్చాం

పాత రైలుపెట్టెను హోటల్‌గా మారిస్తే, వెళ్లినవాళ్లు ఎక్కువగా లైట్లు, కుర్చీలు, మెనూ చూస్తారు. దానికి చిన్న సైజు మోడల్ చేసేవాళ్లు చూడాల్సింది దాని ఒంటిమీద మిగిలిన పాత గుర్తులు. ఏ కిటికీ మూసేశారు, ఏ తలుపు తీసేశారు, నేల కింద ఏవి ఊడదీశారు అన్నది తెలియకుండా మోడల్ మొదలుపెడితే అది రంగు వేసిన డబ్బాలా తయారవుతుంది. అందుకే హైదరాబాద్‌లో హోటల్ పెట్టె ఒక్కటే చూసి రాలేదు. అది హోటల్ కాకముందు ఎలా ఉండేదో చెప్పే చోట్లు కూడా తిరిగాం. మాది కాజీపేట. మా బావమరిది తోడొచ్చాడు. ఫొటోల పని వాడిది, టేపు పని నాది.

ఇలాంటి చక్రాల మీది హోటల్‌ను తూర్పు రైల్వే 2020లో అసన్‌సోల్ స్టేషన్‌లో రెండు పాత మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు) పెట్టెలతో తెరిచింది. మనకు దగ్గర్లో ఉన్నది కాచిగూడ స్టేషన్ ఆవరణలోది, 2023లో వచ్చింది. ఇక్కడ కూడా రెండు పాత పెట్టెలే. కాచిగూడను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఆ స్టేషన్. నిజాం కాలంలో 1916లో కట్టిన గుమ్మటాల భవనం అది. మోడల్ వెనక ఆ భవనం ముఖభాగం ఒక్కటి నిలబెడితే ఊరేదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కానీ నేరుగా కాచిగూడ వెళ్లకండి. ముందు మార్పులు తక్కువ జరిగిన పెట్టె ఒకటి చూడండి. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో తిరిగేటప్పుడు చిన్న స్టేషన్ల పక్క లైన్లలో ట్రాక్ పనివాళ్ల క్యాంప్ పెట్టెలు ఆగి ఉంటాయి. మాకు ఒకటి సరిగ్గా ప్లాట్‌ఫారం అంచునే దొరికింది. అందులో ఉండే పెద్దాయనను అడిగితే, "చూస్కోర్రి, లైను మీదికి మాత్రం దిగకుర్రి" అన్నాడు. బావమరిది ఫోన్ టార్చిని గోడకు ఆనించినట్టు ఏటవాలుగా పట్టాడు. పైనున్న కొత్త రంగు కింద పాత అంకెల అంచులు సన్నగా ఉబ్బి కనిపించాయి. మొదటి రెండూ 94, ఆ తర్వాత 4తో మొదలయ్యే మూడంకెలు. ఈ అయిదంకెల నంబర్లలో మొదటి రెండు తయారైన సంవత్సరం, మిగతా మూడు పెట్టె రకం. 400 నుంచి 599 వరకు జనరల్ సెకండ్ క్లాస్‌వి. అంటే మా ముందున్నది 1994 జనరల్ పెట్టె. తలుపు పక్కన రంగు గీసుకుపోయిన చోట పైన నీలం, దాని కింద ముదురు ఎరుపు పొరలుగా కనిపించాయి. 1990లలో ఎరుపు పోయి నీలం వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే, కానీ రెండు రంగులు ఒకే గీతలో పక్కపక్కన చూస్తే ఏ షేడు కలపాలో కంటికి అందుతుంది. స్క్రీన్ మీద చూసిన ఎరుపుకీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇక కాచిగూడ. మధ్యాహ్నం భోజనాల హడావుడి తగ్గాక, మూడూ అయిదూ మధ్య వెళ్లడం మంచిది. రాత్రి భోజనం వేళ టేపు పట్టుకుని జనం మధ్య తిరగడం మర్యాద కాదు, కొలతా కుదరదు. ముందు కూర్చుని తిని, ఆ తర్వాత అడిగాం. వడ్డించే అబ్బాయికి నా ఫోన్‌లో పాత మోడల్ ఫొటో చూపిస్తే, "మంచిగుందన్నా, గిది గూడ గట్లనే చేస్తరా?" అని దగ్గరికొచ్చి చూశాడు. లోపల కొలిచేటప్పుడు టేపు అవతలి కొస తనే పట్టుకున్నాడు. తిండి బాగుంది, కూర్చోవడానికీ హాయిగా ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే సంబరపడతారు. లోపలి వెడల్పు కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. నడవడానికి దారి వదిలి అటూ ఇటూ టేబుళ్లు వేయడం ఎంత ఇరుకైన లెక్కో, మోడల్‌లో కుర్చీలు అమర్చేటప్పుడు పనికొచ్చింది.

కొలతల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడే చాలా మోడళ్లు దెబ్బతింటున్నాయి. చెన్నై పెరంబూరులోని రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్ 1955లో మొదలైంది, పాత తరహా పెట్టెల తయారీ అక్కడ 2018 జనవరిలో ఆగిపోయింది. ఆ తరహా పెట్టె ఒళ్లు 21,337 మి.మీ. పొడవు, 3,245 మి.మీ. వెడల్పు. పెట్టె కింద చక్రాలుండే ట్రాలీలు రెండు, వాటి మధ్య బిందువుల దూరం 14,783. ఒక్కో ట్రాలీలో ఇరుసుకీ ఇరుసుకీ మధ్య 2,896. హెచ్‌ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు. వీటిని 87తో భాగిస్తే ఆ స్కేలు మోడల్ దాదాపు 245 మి.మీ. పొడవు, 37 వెడల్పు వస్తుంది. ఈ పెద్ద కొలతలు మారవు కాబట్టి వాటికోసం టేపు లాగక్కర్లేదు. టేపు కావాల్సింది మార్చిన భాగాలకి: కొత్త అద్దాలు, మెట్లు, ఏసీ యూనిట్లు, నేమ్‌బోర్డు.

ఫొటో నుంచి కొలత తీయాలంటే ఎదురుగా, పెట్టె మధ్యకి నిలబడి, వీలైనంత దూరం నుంచి తీయాలి. ఆ ఫొటోలో ఇరుసుల మధ్య 2,896ని స్కేలుగా పెట్టుకోండి. చాలామంది చక్రం వ్యాసం 915 మి.మీ. పట్టుకుని లెక్కిస్తారు. అది కొత్త చక్రం కొలత, తిరిగేకొద్దీ అరిగి, తిరిగి సానపట్టగా తగ్గిపోతుంది. పాతికేళ్లు తిరిగిన పెట్టెకి ఆ లెక్క నమ్మలేం. ఎత్తు విషయంలో ఇంకో చిక్కుంది. ఇలాంటి హోటళ్ల చుట్టూ టైల్స్ పరిస్తే పట్టా సగం పూడిపోతుంది, నేల నుంచి కొలిస్తే తప్పు వస్తుంది. పెట్టె కొసన గుద్దుడు తట్టుకునే గుండ్రటి బఫర్ ఉంటుంది, దాని మధ్య బిందువు నుంచి పైకి కొలవండి. పట్టా పైనుంచి ఖాళీ పెట్టె బఫర్ ఎత్తు గరిష్ఠంగా 1,105 మి.మీ., బరువుతో ఉన్నప్పుడు 1,030కి తగ్గకూడదు. ఆ రెండింటి మధ్య ఎంత తేడా వచ్చినా హెచ్‌ఓలో ఒక మిల్లీమీటరు లోపే.

నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది పట్టాల విషయం. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ., 87తో భాగిస్తే 19.26 మి.మీ. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. నడిచే మోడల్ చేసేవాళ్లు ఆ దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడాతో రాజీపడక తప్పదు. దానివల్లే మన పెట్టెలు ముందు నుంచి చూస్తే సన్నటి కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటాయి. హోటల్ పెట్టె మాత్రం ఎక్కడికీ కదలదు! ఏ ట్రాక్ మీదా పరుగెత్తక్కర్లేదు. విడి పట్టా ముక్కలు తెచ్చి, స్లీపర్ల మీద 19.26కే అతికించొచ్చు, ఇరుసులూ ఆ కొలతకే కోసుకోవచ్చు. భారతీయ బ్రాడ్‌గేజ్ సరైన కొలతల్లో అసలు ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకన్నా అనువైన వస్తువు లేదు.

రైళ్లలో వంట చేసే పెట్టెలు, అంటే పాంట్రీ కార్లు చూడటానికి సికింద్రాబాద్ వెళ్లాం. స్టేషన్ పునర్నిర్మాణం పనుల వల్ల అక్కడ తిరగడం కష్టంగా ఉంది. కొన్ని రైళ్లు 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్‌కి మారాయి. రైలు ఎక్కడి నుంచి బయల్దేరుతుందో ముందే చూసుకుని వెళ్లండి. ఇప్పుడు దూర ప్రయాణం రైళ్లలో ఎక్కువగా ఎల్‌హెచ్‌బీ అనే కొత్త తరహా పెట్టెలు. వాటి ఒళ్లు 23,540 మి.మీ., గోడ పద్ధతీ వేరు. వాటి కిటికీలు చూసి ఐసీఎఫ్ మోడల్‌కి పెట్టకండి. పాంట్రీ కారులో ఒక పక్క నడవా, ఇంకో పక్క వంటగది ఉంటుంది కాబట్టి రెండు వైపులా కిటికీల వరస ఒకేలా ఉండదు. ఒక వైపు ఫొటో చాలనుకుంటే మోడల్ సగమే నిజమవుతుంది. కూర్చుని తినే డైనింగ్ కారు అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే ముంబై–పుణె డెక్కన్ క్వీన్‌లోదే చూడాలి. 1930 నుంచి నడుస్తున్న ఆ రైలు 2022లో ఎల్‌హెచ్‌బీకి మారినా డైనింగ్ కారును వదల్లేదు.

లాలాగూడ వర్క్‌షాప్ నిజాం రైల్వే కాలం నాటిది, 1893లో పెట్టింది. పెట్టెల మరమ్మతు అక్కడే. అనుమతి లేకుండా లోపలికి వెళ్లే చోటు కాదు, కాబట్టి దాన్ని ప్లాన్‌లో పెట్టుకోకండి.

సామాన్ల కోసం రాణిగంజ్ సరిపోతుంది. ఇత్తడి తీగ, సన్నటి డ్రిల్ బిట్లు, చిన్న స్క్రూలు అన్నీ ఒకే వీధిలో దొరికాయి. లోపలి లైట్లకి ఎల్‌ఈడీలు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. గోడలు లేజర్ కటింగ్ చేయించేటట్టయితే అక్రిలిక్ ఇవ్వండి. సన్‌బోర్డు ఇస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, అది పీవీసీ, లేజర్ తగిలితే విషవాయువు వస్తుంది. అక్రిలిక్‌తో ఒక ఇబ్బంది ఉంది: ఒక మిల్లీమీటరు మందం అంటే అసలు పెట్టెలో 87 మి.మీ. గోడ. కిటికీ లోతుగా గుంటలా కనిపిస్తుంది. లోపలి వైపు అంచుని ఏటవాలుగా అరగదీస్తే పోతుంది. ట్రాలీలను మాత్రం రెసిన్ 3డీ ప్రింటింగే చేయించాలి, స్ప్రింగుల చుట్లు మామూలు ఫిలమెంట్ ప్రింటర్‌లో రావు. మేము వెళ్లిన ఒక ప్రింటింగ్ షాపు రెండు రోజుల్లో ఇస్తామని అడ్వాన్స్ తీసుకుని వారం తిప్పింది, చివరికి వచ్చిన ముక్క వంగిపోయి ఉంది. ఇంకో షాపులో ఒక్క ట్రాలీ శాంపిల్ ముందు తీయించుకుని, బాగుంటేనే మిగతావి ఇచ్చాం. అలా చేయడమే క్షేమం. పెద్ద పనులుంటే రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది, కానీ రెండు ట్రాలీల కోసం అంత దూరం అక్కర్లేదు.

బస విషయానికొస్తే, కాచిగూడ చుట్టూ లాడ్జిలు బోలెడు. మేము ఆన్‌లైన్‌లో ఒక రూమ్ చూసి బుక్ చేస్తే, చేరాక కిటికీ లేని ఇంకో రూమ్ ఇచ్చారు. టేబుల్ లేదు, ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటోంది. ఆ రాత్రి కొలతలన్నీ మంచం మీద కూర్చుని రాసుకోవాల్సి వచ్చింది. మామూలు ప్రయాణికుడికి అది పెద్ద లోటు కాదు. మన పనికి మాత్రం టేబులూ వెలుతురూ ముఖ్యం, ఎందుకంటే తీసిన కొలతలని అదే రాత్రి కాగితం మీద గీస్తేనే ఏది మర్చిపోయామో తెలుస్తుంది, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి కొలవొచ్చు. రూమ్ చూశాకే డబ్బు కట్టండి. కన్ఫర్మ్ టికెట్ ఉంటే స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ని పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. దొరికితే నా ఓటు దానికే, హోటల్ పెట్టె నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది.

మా ఫొటోల్లో పైకప్పు ఒక్కటి సరిగ్గా రాలేదు. నేల నుంచి తీస్తే కప్పు వంపు, పైనున్న వెంటిలేటర్లు కనపడవు. వెళ్లేవాళ్లు ఏదైనా పాదచారుల వంతెన ఎక్కి, పక్క లైన్లో నిలబడ్డ ఐసీఎఫ్ పెట్టె కప్పుని పై నుంచి తీసుకోండి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే నీడలు పొడుగ్గా పడి కప్పు మీది గాడులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.