పదిహేనేళ్లుగా లినక్స్ డెస్క్‌టాప్ వాడుతున్నా: చేసిన పనే ఎన్నిసార్లు?

2010లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాను. దాని మీద తెర, మెనూలు, విండోలు చూపించే డెస్క్‌టాప్‌లు చాలా ఉన్నాయి: గ్నోమ్, మాటే, సినమన్, ఇప్పుడు కేడీఈ, ఒక్కోటీ ఏళ్ల తరబడి వాడాను. పాత మెషీన్ మీద కూడా హాయిగా నడుస్తాయి, ఆ విషయంలో ఏ ఫిర్యాదూ లేదు. బాధంతా ఒక్కటే, ఒకరు చేసిన పనే ఇంకొకరు మొదటి నుంచి చేయడం.

2011లో గ్నోమ్ 3 వచ్చి అలవాటైన ప్యానెల్, మెనూ తీసేస్తే నాకు చెయ్యి విరిగినట్టయింది. గ్నోమ్ 2ని మాటే పేరుతో బతికించినవాళ్లకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ కోడ్ కాపీ తీసుకుని కొత్త పేరు పెట్టడం ఒక్కరోజు పని, దాన్ని సాకడం ఏళ్ల పని. ఫైల్ మేనేజర్ నాటిలస్ నుంచి మాటేకి కాజా, సినమన్‌కి నీమో వచ్చాయి. పీడీఎఫ్‌లు తెరిచే వ్యూయర్లలో ఎవిన్స్ నుంచి ఏట్రిల్, ఏట్రిల్ నుంచి ఎక్స్‌రీడర్. ఇప్పుడు గ్నోమ్ వాడే పేపర్స్ కూడా ఎవిన్స్ నుంచి పుట్టిందే.

ఇలాంటి ఒక వ్యూయర్‌లో అడ్డం పేజీ ప్రింట్ కొడితే కుడివైపు చివరి కాలమ్ తెగిపోయేది. బగ్ రిపోర్ట్ పెట్టాను. మూలమైన ప్రోగ్రామ్‌లో అదే తప్పు ఎప్పుడో సరిచేశారట, కానీ అప్పటికి రెండు కోడ్‌లూ ఎంత దూరం జరిగిపోయాయంటే ఆ ప్యాచ్ (సరిచేసిన కోడ్ ముక్క) దీనికి అతకలేదు, మళ్లీ రాయాలి, రాయాల్సింది సెలవు రోజున జీతం లేకుండా కూర్చునే ఒకే ఒక్క మనిషి. ఆయన్ని ఏమనగలం? ఎనిమిది నెలలు ఆ పేజీలను వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ప్రింట్ తీసుకున్నాను.

విండోలను తెరమీద చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌లో కూడా ఎవరికి వారే యమునా తీరే. ఆ పని చేసే ప్రోగ్రామ్ కేడీఈకి క్విన్, గ్నోమ్‌కి మటర్, స్క్రీన్‌షాట్ కోసం ఒకచోట రాసుకున్న స్క్రిప్ట్ ఇంకోచోట నడవలేదు.

వాలంటీర్లకి ఫలానా పనే చేయమని ఎవరూ చెప్పలేరు, నిజమే. పైన ఎన్ని రూపాలున్నా నాకు ఇష్టమే, అడుగున ఉండే పనైనా కలిసి చేయాలి. ఎవిన్స్, కేడీఈ వాళ్ల పీడీఎఫ్ వ్యూయర్ ఓక్యులర్ రెండూ పేజీ గీయడానికి పాప్లర్ లైబ్రరీనే (ఎన్నో ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్) వాడతాయి. అందుకే ఇప్పుడు పీడీఎఫ్‌లో అక్షరాలు చెదిరితే రెండింట్లోనూ తెరిచి చూస్తాను, రెండుచోట్లా అదే తప్పుంటే పాప్లర్‌కే రిపోర్ట్ పెడతాను. కిందటిసారి అలా పెట్టిన బగ్ ఒక్క అప్‌డేట్‌తో రెండింట్లోనూ పోయింది.