జురాసిక్ పార్క్ 4కె డిస్క్: ఏళ్ల తరబడి వాడాక

1993 నాటి జురాసిక్ పార్క్‌ను నెట్‌లో చూడటం ఇప్పుడు పెద్ద పనేం కాదు. అయినా సినిమాకు పాతికేళ్లు నిండాయని 2018లో తెచ్చిన 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్క్ దగ్గర ఉండాలనే అంటాను. దానికి మొదటి కారణం బొమ్మ కాదు, సౌండ్. డీటీఎస్ అనే డిజిటల్ సౌండ్ పద్ధతి థియేటర్లలోకి అడుగుపెట్టిందే ఈ సినిమాతో. ప్రింటు మీద టైమ్‌కోడ్ ఉండేది. దాన్ని చదువుకుంటూ ఒక యంత్రం సీడీ-రామ్‌ల నుంచి సౌండ్ వినిపించేది. అంటే హాల్లో కూడా ఆ గర్జన వచ్చింది డిస్క్ నుంచే. 4కె డిస్క్‌లో ఉన్నది దాని కొత్త రూపం, డీటీఎస్:ఎక్స్ ట్రాక్.

ఈ ట్రాక్ సత్తా తెలియాలంటే, సినిమా మొదలైన గంటకు అటూఇటుగా వచ్చే టి-రెక్స్ సీను పెట్టండి. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. జాన్ విలియమ్స్ అంతటివాడి సంగీతం చేతిలో ఉండి కూడా స్పీల్‌బర్గ్ ఆ దాడిని వానకూ అడుగులకూ వదిలేశాడు. కారు పైకప్పు మీద చినుకుల చప్పుడు, తెగిన కంచె తీగల మోత, గ్లాసులో నీళ్లు వణుకుతున్నప్పుడు వినపడే ఆ దెబ్బలు, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. టీవీ స్పీకర్లతో చూస్తే నీళ్లు కదులుతాయి గానీ దెబ్బ మాత్రం అందదు. సబ్‌వూఫర్ (లోతైన శబ్దాలు వినిపించే స్పీకర్) తప్పనిసరి. రిసీవర్‌లో (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) క్రాసోవర్‌ను, అంటే శబ్దం సబ్‌వూఫర్‌కు మళ్లే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పూట చూస్తుంటే మొత్తం వాల్యూమ్ కాకుండా సబ్‌వూఫర్ ఒక్కదాన్నే 3, 4 డెసిబెల్స్ తగ్గించండి. మాటలు మునగవు, కింది ఇంటివాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఎక్కువ మంది ఇరుక్కునేది కూడా సౌండ్ దగ్గరే. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, అక్కడి నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ వైరులోనే బయటికి పంపే దారి) ద్వారా సౌండ్‌బార్‌కు పంపుతారు. డీటీఎస్‌ను అసలు తీసుకోని టీవీలు చాలా ఉన్నాయి. అప్పుడు బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. డిస్క్ పాడైందనుకుని వెనక్కి పంపేసేవాళ్లూ ఉన్నారు. ప్లేయర్ హెచ్‌డీఎంఐ వైరును ముందు రిసీవర్‌కో సౌండ్‌బార్‌కో పెట్టి, అక్కడి నుంచి టీవీకి తీసుకెళ్లాలి. ప్లేయర్ ఆడియో మెనూలో బిట్‌స్ట్రీమ్ (ట్రాక్‌ను విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఎంచుకుని, సెకండరీ ఆడియో లేదా ఆడియో మిక్స్ అని ఉండేదాన్ని ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే మెనూ శబ్దాలను కలపడానికి ప్లేయరే ట్రాక్‌ను విప్పేస్తుంది, డీటీఎస్:ఎక్స్ ఎగిరిపోతుంది. సౌండ్‌బార్‌కు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ లేకపోతే ప్లేయర్‌లో పీసీఎం (ప్లేయరే విప్పి పంపే సౌండ్) పెట్టుకోవచ్చు. కానీ మామూలు ఏఆర్‌సీ మీద పీసీఎం రెండు చానళ్లే వెళ్తుంది. దాని కొత్త రూపం ఈఏఆర్‌సీ ఉంటేనే మిగతావి వెళ్తాయి.

ఇక బొమ్మ. కెమెరామన్ డీన్ కండీ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు. డైనోసార్ల ఎత్తు పట్టాలి కాబట్టి ఫ్రేమ్ 1.85:1. మన టీవీల్లో పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు రావాలి, 4కెలో ఒక్కోటి 40 లైన్ల పైచిలుకు. ఆ పట్టీలు కనపడకపోతే టీవీ బొమ్మను అంచుల్లో కోసేస్తోందని అర్థం. పిక్చర్ సైజును జస్ట్ స్కాన్ లాంటి దానికి మార్చండి.

2011 బ్లూ-రే చూసి ఇది పెట్టినవాళ్లకు మొదట కాస్త మెత్తగా అనిపిస్తుంది. ఆ బ్లూ-రేలో అంచులను కృత్రిమంగా పదును పెట్టారు. మనుషుల చుట్టూ తెల్లటి గీతలు కనపడేవి. 4కెలో అవి లేవు. వాటి బదులు ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి చుక్కలు) ఉంది, అదే అసలు బొమ్మ. గ్రెయిన్ నచ్చక నాయిస్ రిడక్షన్ పెట్టేస్తే ముఖాలు మైనం పూసినట్టు తయారవుతాయి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చేసేది) రెండూ ఆపండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో ఇవన్నీ సర్దుకుంటాయి.

హెచ్‌డీఆర్ (వెలుగుకూ చీకటికీ తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఫలితం రాత్రి సీన్లలో కనపడుతుంది. గ్రాంట్ చేతిలోని ఎర్రటి ఫ్లేర్, పిల్లల టార్చి వెలుగు, వానలో నెడ్రీ పసుపు రెయిన్‌కోటు, ఇవన్నీ చీకట్లోంచి బయటికి వస్తాయి, చుట్టూ ఉన్న నలుపు మాత్రం నలుపుగానే ఉంటుంది. సీను మరీ చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచేస్తే నలుపంతా బూడిద రంగుకు తిరుగుతుంది. ముందు టీవీలో పవర్ సేవింగ్, లైట్ సెన్సర్ ఆపి చూడండి. చాలా ఇళ్లలో సమస్య అంతటితో తీరుతుంది. గదిలో ట్యూబ్‌లైట్ కూడా ఆపాలి మరి.

కంప్యూటర్‌తో చేసిన డైనోసార్లు 4కెలో తేలిపోతాయా అని చాలామంది అడుగుతారు. పగటి వెలుతురులో బ్రాకియోసారస్ కాస్త మెత్తగా, చుట్టూ ఉన్న పచ్చికకు అతకనట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ సినిమా మొత్తంలో కంప్యూటర్ జంతువులు కనిపించేది దాదాపు 6 నిమిషాలే. మిగతాదంతా స్టాన్ విన్‌స్టన్ బృందం నిజంగా తయారుచేసిన, కదిలే డైనోసార్ నమూనాలు. జబ్బుపడిన ట్రైసెరటాప్స్ చర్మాన్ని ఈ డిస్క్‌లో చూస్తే ముట్టుకోవాలనిపిస్తుంది.

పాత డీవీడీ ఉన్నవాళ్లకు ఒక మాట. అది మన పాత టీవీల పాల్ పద్ధతిదైతే సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడుపుతుంది. 127 నిమిషాల సినిమా 122లో అయిపోతుంది, గొంతులూ సంగీతమూ ఒక పిసరు కీచుగా మారతాయి.

అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకునేవాళ్లకు 4కె డిస్క్‌తో రీజియన్ బాధ (ఒక ప్రాంతపు డిస్క్ వేరే ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవడం) లేదు, అది ఎక్కడైనా ఆడుతుంది. ప్లేయర్ కూడా అక్కడి నుంచే వస్తుంటే మాత్రం చిక్కులున్నాయి. మామూలు బ్లూ-రేలకు అమెరికా ఏ, మనది సీ. డీవీడీలకు అక్కడ 1, ఇక్కడ 5. ప్లేయర్ వెనక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టొద్దు. అమెరికా డిస్క్‌లో తెలుగు ఆడియో లేదు.

డిస్క్ ఆడుతూ ఆడుతూ ఒకేచోట ఆగిపోతుంటే ముందు వేలిముద్రల కోసం చూడండి. డీవీడీలో సమాచారపు పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటే, బ్లూ-రేలలో 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది. గట్టి పూత ఉన్నందువల్ల గీతలు అంత తేలిగ్గా పడవు గానీ నూనె మరక లేజర్‌కు అడ్డం పడుతుంది. కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. కొలిన్ లాంటివి కొట్టొద్దు. తుడిచాక కూడా అదే నిమిషంలో ఆగితే ప్లేయర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ అక్కడే ఆగితే డిస్క్ మార్చమని అడగడమే మార్గం.