గుబులుకు ఏ గోలీ మేలు: ఆ రాత్రికే పనిచేసేదా, నెలకు పనిచేసేదా?

మనాది (మనసును వదలని దిగులు, గుబులు) పట్టుకుంది, నిద్ర రావట్లేదు అంటే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తొందరగా చేతికొచ్చేది అల్ప్రాజోలం అనే మత్తు గోలీ. వేసుకున్న గంటకు దడ తగ్గి కన్ను మూతపడుతుంది. సైకియాట్రిస్టు రాసే ఎస్సిటలోప్రామ్, అంటే దిగులు, గుబులు తగ్గడానికి రోజూ వేసుకునే గోలీ, అట్లా కాదు. మొదటి వారం కడుపులో తిప్పుతుంది, తల నొస్తుంది, గుబులు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తేలడానికి ఆరు వారాలు. పదో రోజుకే "ఈ గోలీ పడలే" అని చాలామంది మానేసేది ఇందుకే.

అయినా మూడు నెలల లెక్కలో ఎస్సిటలోప్రామే మేలు. అల్ప్రాజోలం కొన్ని వారాలకే అలవాటవుతుంది, పాత మోతాదు చాలదు, ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్. పైగా మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది కూడా అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులే. రోజూ దుకాణం కల్లు తాగే మనిషికి ఈ గోలీ తోడైతే ఒంట్లోకి ఎంత మందు పోతోందో డాక్టరుకూ తెలియదు. మత్తు ముదిరి ఊపిరి మందగించొచ్చు. అట్లని కల్లు ఒక్కరోజులో మాన్పించడమూ ప్రమాదమే: 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తింది దానివల్లనే. రోజుకు ఎన్ని సీసాలో సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

ఎస్సిటలోప్రామ్‌కూ జాగ్రత్తలున్నాయి. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి పెంచుతారు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మింగేవాళ్లకు కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ముసలివాళ్లలో రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి తికమక రావచ్చు. లైంగిక కోరిక తగ్గడం మామూలే, అది చెప్పుకోలేక గోలీ ఆపేస్తారు. చెబితే మందు మార్చొచ్చు. గతంలో నిద్రలేకుండా విపరీతమైన హుషారు వచ్చిన రోజులుంటే ముందే చెప్పాలి, అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) కావచ్చు. బాగయ్యాక కనీసం ఆరు నెలలు వాడి, మెల్లగా తగ్గించి ఆపాలి.

మనాది తేలికపాటిదైతే గోలీకన్నా ముందు కౌన్సెలింగే సరి. వారానికొకసారి, రెండు మూడు నెలలు పడుతుంది. జిల్లా కేంద్రం దాటితే సైకాలజిస్టు దొరకడమే కష్టం, కాబట్టి మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416కు ఫోన్ చేసి మొదలుపెట్టొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. జబ్బు ముదిరితే రెండూ కలిపే కావాలి.

పాతికేళ్లలోపు వాళ్లకు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చనిపోవాలన్న తలంపులు పెరగొచ్చు. ఆ రోజుల్లో వాళ్లను ఒంటరిగా వదలొద్దు. పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు, గోలీల పట్టీ ఇంకొకరి దగ్గరే ఉండాలి.