నులిపురుగుల మాత్రా, ఐరన్ మాత్రా?

నర్సంపేట వైపు మా ఊరి బడిలో నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇచ్చే రోజంటే పిల్లలకు సరదా. 400 మిల్లీగ్రాముల మాత్ర, చాక్లెట్‌లా నమిలేస్తారు, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం, 2015 నుంచి జరుగుతోంది.

ఐరన్ మాత్ర అలా కాదు. వారం వారం ఇవ్వాలి. చిన్న తరగతులకు గులాబీ రంగు, పదేళ్లు దాటితే నీలం రంగు. తిన్నాక వేయకపోతే కడుపులో వికారం. మలం నల్లగా వస్తే ఇంట్లో వాళ్లకు టెన్షన్. ఒకసారి వేపచెట్టు మొదట్లో వానకు నానిన నీలం మాత్రలు ఏడు దొరికాయి. నాలుక కింద దాచి, బయటికొచ్చి ఉమ్మేశారన్నమాట.

మరి చదువుకు ఏది ఎక్కువ పనికొస్తుంది? 1998 నుంచి పశ్చిమ కెన్యాలో 75 బడుల్లో విడతలవారీగా నులిపురుగుల మందు ఇచ్చి చూస్తే గైర్హాజరు దాదాపు పావు వంతు తగ్గింది, మార్కులు మాత్రం పెరగలేదు. రక్తం తక్కువున్న పిల్లల్లో ఐరన్ వల్ల ధ్యాస కుదురుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే, కష్టమైనా, నా ఓటు ఐరన్‌కే.

కాకపోతే చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగే పిల్లల పాదాల్లోంచి కొంకిపురుగు (నులిపురుగుల్లో ఒక రకం) దూరుతుంది, పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. వాళ్లకు ముందు పురుగుల మాత్రే వేయాలి. ఐరన్ మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక, నా ఎదుటే మింగిస్తున్నాను. ఆ తర్వాత గంట దాకా చాయ్ వద్దంటున్నాను.