రోడ్స్ చుట్టూ అద్దె తెరచాప పడవలో వారం: పెట్టిన డబ్బుకు తగ్గ ప్రయాణమేనా?

వైజాగ్‌లో సముద్రం తిరగబడబోతోందంటే ముందు ఆకాశం చెబుతుంది. డాల్ఫిన్స్ నోస్ వెనక మబ్బు నల్లబడుతుంది, ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కట్టుమోకులు విప్పవు. గ్రీసు దేశపు రోడ్స్ దీవి దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. మబ్బు తునక కూడా లేకుండా, ఎండ ఫెళ్ళుమని కాస్తూ ఉండగానే 25, 30 నాట్స్ (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) గాలి లేస్తుంది. దాని పేరు మెల్టెమి. బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం నిలబడినప్పుడు ఆ రెంటి మధ్య నుంచి వచ్చే గాలి ఇది. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఉంటుంది, జూలై ఆగస్టుల్లో ముదురుతుంది. అద్దె పడవల ప్రకటనల్లో నీలం నీళ్ళు, తెల్ల తెరచాప కనిపిస్తాయి గానీ ఇది కనిపించదు. ఫొటోలో గాలి పడదు కదా.

అందుకే ఈ సర్వీసుకు రెండు మార్కులు వెయ్యాలి. మే ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా, మళ్ళీ సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా అయితే 5కి 4. జూలై, ఆగస్టుల్లో 5కి 2, అదీ అనుభవం ఉన్న సరంగు వెంట ఉంటేనే. మన లెక్కలో చెప్పాలంటే ఎండాకాలం సెలవుల చివరి రోజులు, దసరా సెలవులు రెండూ బాగా కుదురుతాయి. దసరా వేళకు నీళ్ళు వేసవంతా కాగి ఈతకు వెచ్చగా ఉంటాయి. అద్దె కూడా నడివేసవి కన్నా తక్కువ.

ఇది ఒక్క కంపెనీ మీద సమీక్ష కాదు, రోడ్స్‌లో దొరికే వారం అద్దె సర్వీసు మీద. పద్ధతి అందరిదీ దాదాపు ఒకటే. శనివారం సాయంత్రం 5 ప్రాంతంలో పడవ అప్పగిస్తారు. శుక్రవారం సాయంత్రానికి అదే రేవుకు తెచ్చి కట్టాలి, శనివారం పొద్దున 9కల్లా దిగిపోవాలి. ఏడు రోజుల అద్దె కడితే సముద్రం మీద చేతికి దక్కేది ఐదారు రోజులు. సాధారణంగా ఇచ్చేది 38 నుంచి 42 అడుగుల పడవ. మూడు పడక గదులు, రెండు టాయిలెట్లు, మధ్యలో వంటగట్టు, బల్ల. ఆరుగురు పడుకోవచ్చని రాస్తారు. సరంగును పెట్టుకుంటే ఒక గది ఆయనది, కాబట్టి లెక్క నలుగురికే వెయ్యండి. బల్ల దించి దాని మీద ఇంకో ఇద్దరు పడుకోవచ్చంటారు గానీ పొద్దున్నే టీ పెట్టేవాళ్ళకీ వాళ్ళకీ రోజూ తగువే.

సరంగు లేకుండా తీసుకోవాలంటే గ్రీసులో గుర్తింపు ఉన్న లైసెన్సు ఒకరికి ఉండాలి, రెండో మనిషికి పడవ నడిపిన అనుభవం ఉన్నట్టు కాగితమో, సంతకం చేసిన ప్రకటనో కావాలి. ఐసీసీ (పడవ నడపగలరని ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్), బ్రిటన్ పడవల సంఘం ఆర్‌వైఏ ఇచ్చే డే స్కిప్పర్ లాంటివి చెల్లుతాయి. నేవీలో ఇరవై ఏళ్ళు చేసినవాళ్ళు మన ఊళ్ళో వీధికి ఇద్దరుంటారు. ఆ అనుభవం పడవ మీద ఎంతో పనికొస్తుంది, కౌంటర్ దగ్గర మాత్రం వాళ్ళు చూసేది కాగితమే. ఉన్న సర్టిఫికెట్ స్కాన్ ముందే పంపి, చెల్లుతుందని ఈమెయిల్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

ఖర్చులో కనిపించేది అద్దె ఒక్కటే. దాని వెనక సరంగు రోజు కూలి, ఆయన భోజనం, డీజిల్, రేవు రుసుములు, చివరి శుభ్రత చార్జీ, పడవ మీద గ్రీసు వేసే పన్ను ఉంటాయి. వీటిలో ఏది ప్యాకేజీలో ఉందో, ఏది లేదో వరసగా రాసివ్వమని అడగండి. ఇవి కాక డిపాజిట్ ఒకటి. కొన్ని వేల యూరోలు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. కార్డులో విదేశీ లావాదేవీలు తెరిచి ఉన్నాయా, పరిమితి సరిపోతుందా అని వైజాగ్‌లో ఉండగానే చూసుకోవాలి. ఫారెక్స్ కార్డు మీద బ్లాక్ ఒప్పుకుంటారో లేదో కూడా అప్పుడే అడగాలి. డిపాజిట్‌కు వేరే బీమా అమ్ముతారు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు అది దండగ కాదు, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఎక్కువగా సముద్రంలో కాదు, రేవులో.

రేవు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ పడవను గట్టుకు పక్కవాటుగా కట్టరు. ముందు లంగరు వేసి, వెనక్కి నడుపుకుంటూ వెళ్ళి వెనుక భాగాన్ని గట్టుకు కడతారు. లంగరు గట్టుకు మూడు నాలుగు పడవల పొడవు దూరాన పడాలి. దగ్గరగా పడేస్తే గొలుసు చాలక లంగరు పట్టు వదిలేస్తుంది, వెనుక భాగం రాతిగట్టుకు కొట్టుకుంటుంది. వెనక్కి మొదలుపెట్టక ముందే రబ్బరు ఫెండర్లు (పడవ గట్టుకు రాసుకోకుండా ఆపే దిండ్లు) రెండు పక్కలా వేలాడదీసి, రెండు కట్టుమోకులూ చేతికందేలా చుట్టి పెట్టుకోవాలి. గాలి వచ్చే వైపు మోకు ముందు గట్టుకు అందాలి, రెండోది తర్వాత. గొలుసు వదిలేటప్పుడు, లాగేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి, లేకపోతే గొలుసు తిప్పే మోటారు బ్యాటరీని పీల్చేస్తుంది, బ్రేకర్ పడిపోతుంది. ఆ బ్రేకర్ ఎక్కడుందో అప్పగింత రోజే వేలు పెట్టి చూపించమనండి. తర్వాత వచ్చిన పడవ తన గొలుసు మీ గొలుసు మీద వేసిపోవడం మామూలే. పొద్దున మీరు లంగరు ఎత్తితే వాళ్ళది కూడా వస్తుంది. అప్పుడు వాళ్ళ గొలుసు కింద నుంచి ఒక మోకు దూర్చి, దాన్ని పడవ ముందు భాగానికి కట్టేసి, మీ లంగరు కాస్త దించితే విడిపోతుంది. గొంతు పెంచితే ఊడదు.

రోడ్స్ ఊళ్ళో పడవలు కొన్ని పాత రేవు మాండ్రాకిలో, కొన్ని పాత ఊరికి దక్షిణాన ఉన్న కొత్త మెరీనాలో ఉంటాయి. మాండ్రాకిలో చోటు తక్కువ, గొలుసుల చిక్కు ఎక్కువ. కానీ దిగితే మూడు గాలిమరలు, సెయింట్ నికొలస్ కోట ఎదురుగానే. రేవు ముఖద్వారంలో రెండు స్తంభాల మీద జింక బొమ్మలు ఉంటాయి. అక్కడే కొలోసస్ అనే ప్రాచీన మహా విగ్రహం రెండు కాళ్ళూ చాచి నిలబడేదని, కింద నుంచి ఓడలు వెళ్ళేవని టీషర్టుల మీద కూడా అచ్చేశారు. అది కల్పన. క్రీ.పూ. 280 ప్రాంతంలో పూర్తయిన ఆ కంచు విగ్రహం ఎత్తు 30 మీటర్ల పైచిలుకే, అంత ముఖద్వారం మీద కాళ్ళు చాచడం కుదిరే పని కాదు. క్రీ.పూ. 226 ప్రాంతపు భూకంపంలో మోకాళ్ళ దగ్గర విరిగి పడిపోయింది. దాని చోటు ఏదో ఇవాళ్టికీ తేలలేదు.

ఈ ప్యాకేజీలో అసలు లోపం ఒకటుంది. పాత ఊరికి సమయం ఇవ్వరు. శనివారం సాయంత్రం పడవెక్కించి ఆదివారం పొద్దున్నే బయటికి పంపేస్తారు. 1309లో హాస్పిటలర్ నైట్లు (క్రైస్తవ యోధ సన్యాసులు) పట్టుకున్న ఊరు అది. 1480లో ఒట్టోమాన్ సైన్యాన్ని తిప్పికొట్టింది, 1522లో ఒట్టోమాన్ సుల్తాను సులేమాన్ ఆరు నెలలు ముట్టడించాక లొంగింది. దాదాపు 4 కిలోమీటర్ల కోటగోడ, దాని చుట్టూ ఎండు కందకం, నైట్ల వీధి, వాళ్ళ ఆసుపత్రిలోనే పెట్టిన పురావస్తు మ్యూజియం ఉన్నాయి. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దీనికి పడవెక్కక ముందో, దిగాకో రెండు పూర్తి రోజులు హోటల్లో ఉండాల్సిందే. గ్రాండ్ మాస్టర్ భవనం చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అసలుది 1856లో మందుగుండు పేలి కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది చాలావరకు ఇటలీ పాలకులు 1937-40లో కట్టించింది, నేల మీది మొజాయిక్‌లు కోస్ దీవి నుంచి తెచ్చి పరిచినవి. కందకంలో నడక మాత్రం అచ్చంగా పాతదే, గోడ ఎంత మందమో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

దారి ఎటు అన్న ప్రశ్నకు ఎక్కువ మంది సరంగులు ముందు పక్కనున్న సిమి దీవి అంటారు. గాలి నెమ్మదిగా ఉండే వారాల్లో పరవాలేదు. గాలి ఉండే వారాల్లో ముందు రోడ్స్ తూర్పు తీరాన ఉన్న లిండోస్, తర్వాత సిమి పెట్టుకోమని అడగండి. మెల్టెమి ఇక్కడ పడమర, వాయవ్యం నుంచి వస్తుంది. సిమి కూడా అటువైపే, కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. శుక్రవారం సాయంత్రం గడువుంది కనుక తిరుగు ప్రయాణం వెనుకగాలితో ఉండటమే క్షేమం. లిండోస్ చివర పెట్టుకుంటే ఉత్తరానికి ఎక్కిరావాలి, కొండల మీద నుంచి విసిరే గాలి దెబ్బలు తింటూ.

రోడ్స్ ఊరి నుంచి లిండోస్ సుమారు 24 నాటికల్ మైళ్ళు (ఒకటి 1.85 కిలోమీటర్లు), 5 నాట్స్ లెక్కన ఐదు గంటలు. లిండోస్ అఖాతంలో అడుగు ఇసుక, లంగరు బాగా పడుతుంది. లోతుకు నాలుగైదు రెట్లు గొలుసు వదలాలి. తూర్పు, ఆగ్నేయం గాలి వస్తే ఆ అఖాతం పనికిరాదు, వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం పగటి టూర్ పడవలు కిక్కిరుస్తాయి, సాయంత్రానికి ఖాళీ. పడవలో రాత్రి ఉండటానికి ఇక్కడ అర్థం ఉంది. పొద్దున్నే రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్ళి, బస్సులు రాకముందే కొండెక్కవచ్చు. 116 మీటర్ల ఎత్తున గ్రీకు దేవత అథీనా గుడి శిథిలాలు ఉంటాయి. మెట్ల మొదట్లో కొండరాతిలో చెక్కిన యుద్ధనౌక వెనుక భాగం ఉంది, క్రీ.పూ. 2వ శతాబ్దానిది. చాలామంది ఆయాసపడుతూ దాన్ని దాటిపోతారు. చుక్కాని ఎక్కడ కడతారో, వెనుక భాగం ఎలా వంపు తిరుగుతుందో దాని మీద చూసుకోవచ్చు. పడవలో వచ్చినవాళ్ళకు గుడి కన్నా ఇదే ఎక్కువ మాట్లాడుతుంది. తెలుగు బైబిల్లో పౌలు ప్రయాణంలో వచ్చే 'రొదు' ఈ దీవే. ఆయన దిగింది లిండోస్ పక్కనున్న చిన్న అఖాతంలోనని స్థానికుల నమ్మకం.

సిమికి 20 నుంచి 24 నాటికల్ మైళ్ళు, ఏ రేవుకు వెళ్తారన్న దాన్ని బట్టి. దక్షిణ కొసన పనోర్మిటిస్ దాదాపు మూసుకున్న అఖాతం, రాత్రికి నిశ్చింత. అక్కడి మఠంలోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. ప్రధాన రేవు యాలోస్ అందమైనదే గానీ లోతు. గట్టుకు కాస్త దూరంలోనే 15 మీటర్లు దాటుతుంది కనుక పడవలో గొలుసు ఎంత ఉందో ముందే తెలియాలి. 50 మీటర్ల కన్నా తక్కువుంటే గాలిరోజున అక్కడ నిద్రపట్టదు. మధ్యాహ్నం రెండులోపు చేరకపోతే చోటు కష్టం.

టర్కీ తీరం రోడ్స్‌కు 18 కిలోమీటర్లే. "ఒక పూట అక్కడి మార్మరిస్ ఊరు చూసొద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా మీద గ్రీసు దాటితే ఆ వీసా అక్కడితో అయిపోయినట్టే, వెనక్కి రానివ్వరు. అసలు ఆ ఆలోచన ఉంటే దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడగాలి, టర్కీ వీసా వేరే తీసుకోవాలి, పడవ కంపెనీ అనుమతి రాతలో ఉండాలి. వీసాకు 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. విశాఖ నుంచి ఏథెన్స్‌కు నేరుగా విమానం లేదు. మారుకుంటూ వెళ్ళి, అక్కడి నుంచి రోడ్స్‌కు గంట విమానం ఎక్కాలి. పడవెక్కాల్సిన శనివారం నాడే దిగేలా టికెట్లు తీసుకోకండి.

సామాను మెత్తటి సంచుల్లోనే. చక్రాల సూట్‌కేసు పెట్టడానికి పడవలో చోటుండదు, వారమంతా దాన్ని దాటుకుంటూ తిరగాలి. నీళ్ళ ట్యాంకు 350, 400 లీటర్లు. ఇంట్లోలా వాడితే ఆరుగురికి రెండు రోజులు. సముద్రంలో ఈత కొట్టి, వెనుక మెట్ల మీదున్న షవర్‌తో అర నిమిషం ఒళ్ళు కడుక్కుంటే నాలుగు రోజులు వస్తుంది. టాయిలెట్ గొట్టం సన్నం, కాగితం కూడా వెయ్యకూడదు. ఆ గొట్టం మూసుకుపోయి తెరిపించాల్సి వస్తే బిల్లు మీదే. హెల్త్ ఫాసెట్ ఉండదు, చిన్న ప్లాస్టిక్ మగ్గు వెంట తీసుకెళ్ళడం ఉత్తమం.

వంటకు రెండు, మూడు బర్నర్ల ఊగే పొయ్యి. మూడు లీటర్ల కుక్కరు చక్కగా కూర్చుంటుంది, పడవ నడుస్తున్నప్పుడు మాత్రం కుక్కరు పెట్టొద్దు. వంట అయ్యాక సిలిండర్ దగ్గర వాల్వు మూసెయ్యాలి. గ్యాసు గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున పేరుకుంటుంది. నెయ్యి, పనీర్, ఎండుచేపలు, మాంసం పచ్చళ్ళ జోలికి పోకండి. పాలు, మాంసం సరుకులు యూరప్‌లోకి రానివ్వరు, చేపల మీద వేరే నిబంధనలున్నాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కందిపొడి, చింతపండు, ఆవకాయ చాలు. రోడ్స్ హోటళ్ళలో పితరూదియా అడగండి, శనగలు రుబ్బి ఉల్లిపాయ, పుదీనా వేసి వేయించినవి, మన మసాలా వడకు దగ్గరి చుట్టం. సిమి చిట్టి రొయ్యలు పొట్టు తియ్యకుండా కరకరలాడేలా వేయిస్తారు, వాటికి నూటికి నూరు.

బంగాళాఖాతంలో వాంతి రాలేదు కదా అన్న ధీమా వద్దు. మన దగ్గర అల పొడవుగా వచ్చి నెమ్మదిగా ఎత్తి దించుతుంది. ఏజియన్ అల పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే కొడుతుంది. అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరడానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. దానికి నిద్రమత్తు ఉంటుంది కాబట్టి చుక్కాని పట్టేవాళ్ళు వేసుకోకూడదు. ఇక తెరచాప ఎప్పుడు కుదించాలన్నది: గాలి 18, 20 నాట్స్‌కు చేరగానే మొదటి మడత, 25కు రెండోది. "ఇంకాసేపు చూద్దాం" అనిపించిన క్షణమే కుదించాల్సిన క్షణం. ముందురోజు వాతావరణ సూచనలో 6 బోఫోర్ట్ (గాలి బలాన్ని కొలిచే అంకె) ఉంటే, అంటే 22 నాట్స్ పైన, పిల్లలున్న పడవ రేవులోనే ఉండాలి.

అప్పగింత రోజు గంటన్నర పడుతుంది, దాన్ని తొందరపెట్టనివ్వకండి. తెరచాపలు పూర్తిగా విప్పించి కుట్లు చూడండి. ఇంజను స్టార్ట్ చేసి వెనుక గొట్టం నుంచి నీళ్ళు చిమ్ముతున్నాయా చూడండి, రాకపోతే ఇంజను చల్లబడటం లేదని అర్థం. లైఫ్ జాకెట్లు మనిషికొకటి లెక్కపెట్టి, పిల్లల సైజు విడిగా అడగండి. రేడియో 16వ చానల్లో పలుకుతోందా, రబ్బరు పడవ మోటారు అక్కడికక్కడే తిరుగుతోందా చూసుకోండి. కోస్ట్‌గార్డు నంబరు 108, మన దగ్గర అంబులెన్సుది కాబట్టి మరిచిపోయే పని లేదు. పడవ చుట్టూ, ముఖ్యంగా వెనుక మూలలు, చుక్కాని చక్రం, లంగరు పక్కన ఉన్న పాత గీతలన్నీ తేదీతో ఫొటోలు తియ్యండి. శుక్రవారం సాయంత్రం డీజిల్ బంకు దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది, నాలుగులోపు చేరాలి. తర్వాత పడవ అడుగును ఈతగాడు దిగి చూస్తాడు. ఆయన పైకొచ్చి బాగుందని రాసి సంతకం పెట్టేదాకా డిపాజిట్ స్లిప్పు వదలకండి.