మా నాన్న వలలు చిరిగిన రాళ్ళ దగ్గరికి దిగి వచ్చాను

విజయనగరం జిల్లా చింతపల్లి తీరానికి ఎదురుగా సముద్రంలో మునిగి ఉన్న రాళ్ళ మాట మా ఇంట్లో వినబడని రోజు లేదు. మా నాన్న నలభై ఏళ్ళు వేటకు వెళ్ళిన మనిషి. “ఆ రాళ్ళ మీద వల వేస్తే చేప దొరుకుతుంది, వల దొరకదు” అనేవాడు. ఇటు సముద్రంలో ఉన్న రాళ్ళ గురించి ఓడలను హెచ్చరించడానికే 19వ శతాబ్దంలో మా ఊరి లైట్‌హౌసు వెలిసింది. అంత పేరున్న రాళ్ళను మా నాన్న తరంవాళ్ళు ఎవరూ కళ్ళారా చూడలేదు. వలకు తగిలినప్పుడు చేతికి తెలిసేవి, అంతే. నేను విజయనగరంలో బ్యాంకు ఉద్యోగంలో స్థిరపడి ఇరవై రెండేళ్ళయింది. యాభై ఒకటో ఏట, మొన్న రథసప్తమి వెళ్ళిన వారానికి, స్కూబా డైవింగుకు, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగడానికి, తీసుకువెళ్ళే ఒక చిన్న బృందంతో వెళ్ళి ఆ రాళ్ళను చూశాను. వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది నా మొదటి డైవింగు కాదు. రెండేళ్ళ కిందట కుటుంబంతో మహారాష్ట్రలోని మాల్వణ్ వెళ్ళాను. అది 1987లో ప్రకటించిన సముద్ర అభయారణ్యం, విస్తీర్ణం 29.12 చదరపు కిలోమీటర్లు. సింధుదుర్గ్ కోట చుట్టూ లోతు తక్కువ, అడుగంతా రాళ్ళు. అక్కడ నాకు ఎదురైన అనుభవం తరువాత చెబుతాను. ఎందుకంటే మా ఊరి రాళ్ళ దగ్గర చూసినదాని విలువ నాకు దానివల్లే తెలిసింది.

ఒక్కొక్కరికి 3,500 రూపాయలు తీసుకున్నారు. ఫోనులో మాట్లాడినప్పుడే ఆరోగ్యం గురించి అడిగారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, చెవికి ఆపరేషన్ జరిగిందా, ప్రస్తుతం జలుబు ఉందా? తీరానికి వెళ్ళాక అవే ప్రశ్నలు కాగితం మీద మళ్ళీ అడిగి సంతకం చేయించారు. మాతో వచ్చిన ఒకాయనకు ముక్కు దిబ్బడగా ఉందని తెలిసి నీళ్ళలోకి దించలేదు, డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఆయన చాలా సేపు బతిమాలారు. అయినా వాళ్ళు ఒప్పుకోలేదు. అది చూశాక వాళ్ళ మీద నాకు నమ్మకం కుదిరింది. జలుబుతో దిగితే చెవి లోపలి ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంది. ఆ ఒక్క టికెట్టు డబ్బు వదులుకోవడానికి సిద్ధపడినవాళ్ళు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారనుకున్నాను, అలాగే ఉన్నారు.

సామాను కొత్తది కాదు గాని శుభ్రంగా ఉంది. నీళ్ళలో చలి ఆపే రబ్బరు దుస్తులకు, అంటే వెట్‌సూట్లకు, మోకాళ్ళ దగ్గర అతుకులు కనిపించాయి. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోటి ముక్కలు మందునీళ్ళలో కడిగి ఇచ్చారు. నా కళ్ళద్దాల పవరు మైనస్ మూడు. పవరు అద్దాలున్న మాస్కు వాళ్ళ దగ్గర ఒకటే ఉంది, అదీ మైనస్ రెండున్నర. నీళ్ళలో వస్తువులు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి నాకు సరిపోయింది. ఇంకా ఎక్కువ పవరు ఉన్నవారు ముందుగానే ఫోను చేసి అడగాలి. మీసం ఉన్నవారికి మరో సంగతి. ముక్కు కింద వెంట్రుకల సందులోంచి మాస్కులోకి నీరు కారుతుంది. గైడు నా మీసం మీద వ్యాసలీను దట్టంగా రాశాడు. చాలా వరకు ఆగింది, పూర్తిగా ఆగలేదు.

ఆ గైడు మా ఊరి కుర్రవాడే. వాళ్ళ తాత, మా నాన్న ఒకే తెప్ప మీద వేటకు వెళ్ళినవాళ్ళు. నన్ను “బాబాయ్” అని పిలుస్తాడు. నడుములోతు నీళ్ళలో నిలబెట్టి ముప్పావు గంట సాధన చేయించాడు. సిలిండరులో ఉన్నది ఆక్సిజన్ కాదని, మనం రోజూ పీల్చే గాలేనని, దాన్ని 200 బార్ల పీడనంతో, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 200 రెట్లతో, నింపుతారని చెప్పాడు. “ఏమైనా కానివ్వండి, ఊపిరి మాత్రం బిగపట్టకండి” అని నాలుగుసార్లు హెచ్చరించాడు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నింపుకున్న ఊపిరిని బిగబట్టి పైకి వస్తే ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. ఈ కారణం వివరించాక నాకు మళ్ళీ గుర్తు చేయవలసిన అవసరం రాలేదు. మాస్కులో నీరు చేరితే ముక్కుతో గాలి ఊది బయటకు పంపడం, నోటి నుంచి రెగ్యులేటర్ జారితే మళ్ళీ అందుకోవడం, ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం, ఈ మూడూ తడబడకుండా చేసేదాకా పడవ ఎక్కనివ్వలేదు. బొటనవేలు పైకి చూపితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. మనవాళ్ళు తప్పకుండా పొరబడే సైగ ఇది, దీన్ని ఇంటి దగ్గరే అలవాటు చేసుకుని వెళ్ళండి.

ఫైబరు పడవలో అరగంట ప్రయాణం. మా నాన్న రోజుల్లో లైట్‌హౌసును ఒడ్డున ఉన్న తాటితోపుతో వరుసలో పెట్టి చూసి రాళ్ళ జాడ పట్టేవారు. ఈ కుర్రవాడు ఫోనులో చూసి పడవ ఆపించాడు. ఆపాక తలెత్తి ఒడ్డువైపు కూడా ఒకసారి చూశాడు. ఎందుకని అడిగితే, “తాత చెప్పిన గుర్తు సరిపోయిందా లేదా అని, బాబాయ్” అన్నాడు. సరిపోయింది. లంగరు రాళ్ళ మీద కాకుండా పక్కనున్న ఇసుకలో పడేలా చూసుకుని వేశారు.

అక్కడ లోతు నాలుగు బారలు, అంటే ఏడు మీటర్ల పైచిలుకు. తాడు పట్టుకుని బారకొకసారి ఆగుతూ, చెవులు సర్దుకుంటూ దిగాం. మొదట కనిపించింది ఆకుపచ్చటి మసక మాత్రమే. బంగాళాఖాతంలో నదులు తెచ్చే ఒండ్రు వల్ల నీరు అద్దంలా ఉండదు. ఆ రోజు ఐదారు మీటర్ల దూరం కనిపించింది, మా తీరానికి అది మంచి రోజే అన్నారు. ఆ మసకలోంచి ఒక గోడ నల్లగా ముందుకు వచ్చింది. అదే రాయి. చిన్నప్పటి నుంచి మాటల్లో మాత్రమే ఉన్న రాయి మూరెడు దూరంలో నిలబడితే నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, రెగ్యులేటర్ బుడగల చప్పుడు మధ్య కూడా వినిపించింది.

రాయి అంటున్నాను గాని దాని ఒంటి మీద రాయి కనిపించే చోటు అరచేయంత కూడా లేదు. ఆకుపచ్చ అంచుల ఆలిచిప్పలు గుత్తులుగా పట్టి ఉన్నాయి. స్పాంజీలు పసుపుగా, ఊదాగా పొరలు కట్టాయి. మెత్తటి పగడాలు అలకు ఒకవైపు వాలి మళ్ళీ లేస్తున్నాయి. విసనకర్ర ఆకారంలో ఒక పగడపు జాతి ప్రవాహానికి అడ్డంగా నిలబడింది. వచ్చే నీటిలోంచి ఆహారం వడకట్టుకోవడానికి అది అలాగే పెరుగుతుందట. పసుపు వీపు మీద నల్ల చారలున్న చేపలు మా చుట్టూ తిరిగాయి. జంటగా తిరిగే సీతాకోక చేపలు మమ్మల్ని పట్టించుకోలేదు. ఒక చీలికలోంచి రాతి రొయ్య మీసాలు రెండు బయటకు చాచి ఊపుతూ ఉంది. మా నాన్న ధర చెప్పి మాట్లాడే రొయ్య అది. దాన్ని దాని గుమ్మంలో చూడడం వేరే సంగతి. ఇంకో సందులో ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. పైడితల్లి గుడిలో నా చేతికి కట్టిన ఎర్రదారం అంత లోతులో గోధుమ నలుపులోకి దిగిపోయింది. నీరు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తుంది. గైడు టార్చి వేయగానే దారం ఒక్కసారిగా ఎర్రబడింది, అదే వెలుగు రాయి మీద పడితే మసి రంగు అనుకున్నదంతా కుంకుమగా మారిపోయింది.

నిశ్శబ్దంగా ఉంటుందనుకుని దిగాను. మంగలంలో శెనగలు వేయిస్తున్నట్టు ఎడతెగని చిటపట వినిపించింది. అది రాతి సందుల్లోని చిన్న రొయ్యలు కొండి బిగించి కొట్టే చప్పుడని పైకి వచ్చాక చెప్పారు. కళ్ళు మూసుకున్నా ఆ రాయి ఎటువైపు ఉందో చెవులతో తెలిసేది.

లోతు తక్కువ కాబట్టి పైన అల వచ్చినప్పుడల్లా కింద మనిషి కూడా ముందుకూ వెనక్కూ ఊగుతాడు. నాకు భయం వేసి రాయిని పట్టుకోబోయాను. కుర్రవాడు వెంటనే నా మణికట్టు పట్టి వెనక్కి లాగి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోమని చూపాడు. ఊగనివ్వాలి, ఎదురు తన్నకూడదు. రెండు నిమిషాల్లో ఒళ్ళు ఆ ఊపుకు అలవాటు పడింది. మొత్తం 28 నిమిషాలు కింద ఉన్నాం. ఒక్క చెయ్యి గాని, కాళ్ళకు తొడిగిన ఒక్క ఫిన్ను గాని రాయికి తగలనివ్వలేదు. పైకి వచ్చాక ఒక అబ్బాయి విసనకర్ర పగడం ముక్క ఒకటి గుర్తుగా తెచ్చుకోవచ్చా అని అడిగితే, అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయని, ముక్క విరిచినా నేరమేనని గైడు చెప్పాడు.

మాల్వణ్‌లో జరిగింది ఇప్పుడు చెబుతాను. అక్కడ మమ్మల్ని తీసుకువెళ్ళినవాళ్ళు పది నిమిషాల సాధన కూడా చేయించకుండా, మెడ దగ్గర పట్టుకుని కిందికి నెట్టుకుంటూ తీసుకువెళ్ళారు. ఫోటో బాగా రావాలని మా అమ్మాయిని పగడం మీద మోకాళ్ళతో నిలబెట్టారు. చేపలు గుంపుగా రావాలని బిస్కెట్లు నలిపి నీళ్ళలో చల్లారు. అభయారణ్యం అన్న పేరుంది, చట్టం ఉంది. కింద చెయ్యి పట్టి ఆపేవాళ్ళు ఆ రోజు మాకు దొరకలేదు. మా చింతపల్లి రాళ్ళకు అలాంటి పేరు లేదు. వాటిని కాపాడుతున్నది ఆ కుర్రవాడి అలవాటు. కాని ఒక మనిషి అలవాటు ఎన్నాళ్ళు నిలుస్తుంది? రేపు పడవలు పదయితే, ఫోటోల కోసం పోటీ మొదలైతే? అందుకే ఈ రాళ్ళకు కూడా రక్షణ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఏ మేర వరకు అన్నది మా ఊరి వేటగాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళతోనే గీయించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామాన్ని పాటిస్తున్నవాళ్ళే వాళ్ళు. చేపకు విరామం ఎందుకో వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు.

లోపాలూ ఉన్నాయి. ఉదయం ఆరింటికి రమ్మన్నారు, పడవ కదిలేసరికి ఎనిమిదయింది. మా తీరంలో పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది. మా తరువాత దిగినవాళ్ళకు నీరు బాగా కలగి సగం అందం కూడా కనిపించలేదట. ఒక శిక్షకుడికి ఇద్దరు అని చెప్పి మా జట్టులో ముగ్గురిని కలిపారు. ప్రమాదం ఏమీ జరగలేదు, అయినా మొదటిసారి దిగేవారికి చెప్పిన మాట నిలబెట్టుకోవాలి. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేదు, మా ఆవిడ మా పిన్ని ఇంటికి వెళ్ళి మార్చుకుని వచ్చింది. ఊళ్ళో చుట్టాలు లేనివాళ్ళు ఏం చేయాలి? తడికెలతో ఒక గది కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ మాట వాళ్ళతో నేరుగానే అన్నాను, కడతామన్నారు. ఫోటోలు తొమ్మిది రోజులకు పంపారు.

వెళ్ళేవారు ఒకటి మరచిపోకండి. పొద్దున డైవింగు, మధ్యాహ్నం అరకు అని చాలామంది ఒకే రోజులో పెట్టుకుంటున్నారు. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఒత్తిడిలో ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటకు పోవాలి. వెంటనే ఎత్తుకు వెళితే రక్తంలో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. విమానమైనా ఘాటు రోడ్డయినా, ఒక డైవింగు తరువాత కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగండి. ఈ విషయం వాళ్ళు చెప్పారు గాని పైకి వచ్చాక చెప్పారు. టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి.

కుర్రవాడు దిగినప్పుడల్లా రాళ్ళకు చుట్టుకున్న పాత నైలాను వల ఒక మూరో రెండు మూరలో కోసి పైకి తెస్తాడు. మొత్తం ఒకేసారి లాగితే దాని మీద పెరిగినదంతా ఊడి వస్తుందని, అందుకే కొంచెం కొంచెంగా కోస్తున్నానని చెప్పాడు. ఆ రోజు తెచ్చిన ముక్కలో చచ్చిన పీత ఒకటి చిక్కుకుని ఉంది. ఆ ముక్కను అడిగి ఇంటికి తీసుకువెళ్ళాను.

నాన్న అరుగు మీద కూర్చుని దాన్ని రెండు చేతులతో సాగదీసి చూశాడు. వల కన్నులోకి వేలు పెట్టి కొలిచాడు. ముడి తిప్పి తిప్పి చూశాడు.

“ఇది మన ఊరి వల కాదురా. కన్ను మరీ చిన్నది. ముడి కూడా చేత్తో వేసింది కాదు.”

తరువాత రాయి గురించి అడిగాడు. ఎంత పొడవుంది, పైభాగం బల్లపరుపుగా ఉందా, రొయ్య ఏ వైపు ఉంది? నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు.

“తూర్పు వైపు మనిషి పట్టేంత చీలిక ఉండాలి. నా వలలు రెండూ అక్కడే పోయాయి. చూశావా?”

చూడలేదు. మేము పడమటి వైపే తిరిగి వచ్చాం. మార్చి మొదటి ఆదివారానికి మళ్ళీ డబ్బు కట్టాను. శిక్షకుడికి ఇద్దరే ఉండాలని, ఆరింటికల్లా పడవ కదలాలని ఈసారి కాగితం మీద రాయించుకున్నాను.