స్పెల్‌జామర్ 2022: ఓడలు బాగున్నాయి, పోరే తేలిపోయింది

మంత్రశక్తితో అంతరిక్షంలో ఎగిరే ఓడల ప్రపంచం, 1989 నాటి స్పెల్‌జామర్. దాన్ని పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌కి తెచ్చిన సెట్ ఇది. 64 పేజీల పుస్తకాలు మూడు, ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) ముందు నిలబెట్టుకునే స్క్రీన్, రెండువైపులా అచ్చేసిన మ్యాప్. ఓడల డెక్ ప్లాన్లు చూస్తే కళ్లు నిండుతాయి.

లోటంతా ఓడల పోరులోనే. ఓడ మీది భారీ విల్లు బాలిస్టాకి బాణం ఎక్కించడానికి ఒక యాక్షన్ (సాధారణంగా ఒక్కొక్కరికి రౌండుకి ఒకటే), గురికి ఒకటి, వదలడానికి ఇంకొకటి. ఒక్కరినే నిలబెడితే మూడు రౌండ్లకో దెబ్బ. తగిలినా నష్టం 3డి10, అంటే పది ముఖాల పాచికలు మూడు వేసి కూడితే సగటున 16.5, ఎదుటి ఓడ హిట్ పాయింట్లేమో (ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే అంకె) వందల్లో. దాంతో పోరు జీడిపాకంలా సాగుతుంది. ఒక్కో బాలిస్టాకి ముగ్గురిని పెట్టండి, ప్రతి రౌండూ బాణం వెళ్తుంది. అదీ చాలదనిపిస్తే ఓడల్ని త్వరగా ఆనించేసి డెక్ మీదే కత్తులు దూయించండి.

పాత నియమాల్లో హెల్మ్ (ఓడని నడిపే మాయా ఆసనం) మీద కూర్చున్న మంత్రగాడికి ఆ రోజు మంత్రాలన్నీ ఊడ్చుకుపోయేవి. ఇప్పుడా మూల్యం లేదు. ఆడటం తేలికైంది గానీ, ఎవరు కూర్చోవాలన్న తర్జనభర్జన పోయింది. అది నిజంగా నష్టమే. ప్రపంచాల మధ్య నిండి ఉండే, నిప్పు తగిలితే పేలే ఫ్లాజిస్టన్ బదులు ఆస్ట్రల్ సముద్రం వచ్చింది. పాత పెట్టె ఉన్నవాళ్లు కనీసం హెల్మ్ నియమాన్ని తిరిగి కలుపుకోండి.

సెట్‌లోని సాహసం ఐదో లెవెల్ పాత్రలతో మొదలవుతుంది. మొదటి నాలుగు లెవెళ్ల కథ ఈ సెట్‌లో లేదు.